డబ్బా మీద పేరు లేనివాడు

భారత్‌లో జర్మనీ రాయబారి గారి కారు వీడియో మా పెదనాన్న పంపాడు, మేనమామ పంపాడు, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా పంపాడు. ముగ్గురూ కింద రాసింది ఒకటే మాట: అదీ దేశమంటే! అమెరికావాడు హెచ్‌-1బీ మీద లక్ష డాలర్ల బండ పడేసిన వారంలోనే, ఫిలిప్ ఆకర్‌మాన్ గారు కెమెరా ముందుకొచ్చి, తమ వలస విధానం జర్మన్ కారు లాంటిదనీ, నమ్ముకోవచ్చనీ, తిన్నగా పోతుందే తప్ప వంకర్లు తిరగదనీ సెలవిచ్చారు. ఆ కారులో నేను కొన్నేళ్లుగా కూర్చునే ఉన్నాను. సీటు బాగుంది. ఇంజన్‌కి వంక పెట్టలేం. తాళంచెవి మాత్రం పోస్టులో వస్తుందన్నారు, ఎదురు చూస్తున్నాను.

తిన్నగా పోవడం గురించి ఎక్కువ మాట్లాడను. మూడేళ్లకే పౌరసత్వం అనే దారిని 2024 జూన్‌లో తెరిచారు. వీడియో వచ్చి పక్షం రోజులు తిరగ్గానే, 2025 అక్టోబర్ 8న, పార్లమెంటులో ఓటేసి మూసేశారు. రైళ్లంటారా, 2024లో దూరప్రాంతపు రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతం. ఆరు నిమిషాల లోపు ఆలస్యం ఆలస్యం కిందికి రాదు. మొత్తానికే రద్దయిన రైలైతే అసలు లెక్కలోకే రాదు. (రాని రైలు ఆలస్యంగా వచ్చిందని ఎలా అంటాం? నిజమే కదా.) వీటితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఉత్తరాల డబ్బాతో.

ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లకు మామూలుగా నంబర్లుండవు. వీధి పేరు, బిల్డింగు నంబరు, ఆపైన కవరు మీద మనిషి పేరు. అంతే అడ్రసు. పోస్ట్‌మన్ కింద గోడకు వరసగా బిగించిన ఇనప డబ్బాల ముందు నిలబడతాడు. కవరు మీది పేరు ఏ డబ్బా మీదైనా ఉంటే వేస్తాడు, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. మీరు మూడో అంతస్తు కిటికీలోంచి వంగి, నేనేనయ్యా ఆ మనిషిని అని అరిచినా లాభం లేదు. మీ దగ్గర పాస్‌పోర్టు ఉండొచ్చు, వీసా ఉండొచ్చు, ఆఫర్ లెటరూ ఉండొచ్చు. డబ్బా మీద పేరు లేకపోతే మీరు లేనట్టే.

ఆ డబ్బాలోకి ఏమేం రావాలో చూడండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేయించుకోవాలి, అదే అన్‌మెల్డంగ్. చేయించుకోకపోతే వెయ్యి యూరోల దాకా జరిమానా వేయొచ్చని చట్టం. అది అయ్యాక పదకొండంకెల పన్ను నంబరు వస్తుంది, పోస్టులో. అది సకాలంలో అందకపోతే జీతంలోంచి అన్నిటికన్నా ఎక్కువ రేటున పన్ను కోసే ప్రమాదం ఉంది. బ్యాంకు కార్డు ఒక కవరులో వస్తుంది, దాని పిన్ ఇంకో రోజు ఇంకో కవరులో. బీమా కార్డు పోస్టులో. ఇంటర్నెట్ పెట్టడానికి ఫలానా రోజు పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య ఎప్పుడో మనిషి వస్తాడన్న కబురు కూడా పోస్టులోనే. బ్యాంకు యాప్ ఫోన్లో వేసుకున్నారా? శభాష్. దాన్ని తెరిచే కోడ్ పోస్టులో.

575 రకాల ప్రభుత్వ సేవల్ని 2022 చివరికల్లా ఆన్‌లైన్లోకి తెస్తామని ఈ దేశం 2017లో చట్టమే చేసుకుంది. గడువు వచ్చింది, పోయింది, ఆ సేవలన్నీ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఉత్తరం రాసే ఉంటారు, నాకు అంది ఉండదు.

పేరు అంటించుకుంటే సరిపోయేదానికి ఇంత రభసా అంటారు. అంటించాను. తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, పైన సెల్లో టేపు వేశాను. సాయంత్రానికి కాగితం లేదు, టేపు మరక ఉంది. బిల్డింగు బాగోగులు చూసే పెద్దమనిషి, హౌస్‌మైస్టర్, పీకేశాడు. మెట్ల దగ్గర పట్టుకుని అడిగితే ఎంతో మర్యాదగా చెప్పాడు. అన్ని పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే రంగు ప్లేటు మీద ఉండాలట. ఆ ప్లేటు బిల్డింగు నడిపే కంపెనీయే చేయించి ఇస్తుందట. దానికి అర్జీ పెట్టుకోవాలట, రాతపూర్వకంగా. మరి జవాబు ఎలా పంపుతారని అడిగాను. పోస్టులో అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ప్లేటు పొడవు ఆరు సెంటీమీటర్లు. ష్మిట్, వోల్ఫ్, మాయర్ అనే పేర్ల కోసం కొలిచి చేసినది. పుచ్చలపల్లి వారు, చిలకలపూడి వారు ఏం కావాలి? పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, సాయి వెంకట నాగ సత్య అంటూ సమస్తం రెండో గడిలో కుక్కించుకున్న వాళ్ల గతేమిటి? నా ప్లేటు ఎట్టకేలకు వచ్చింది. ఇంటిపేరు సగంలో తెగ్గొట్టి చుక్క పెట్టారు. కవర్ల మీద పూర్తి పేరు, డబ్బా మీద సగం పేరు. పాత పోస్ట్‌మన్ అలవాటు పడ్డాడు, ఆయన సెలవు పెట్టినప్పుడల్లా నా ఉత్తరాలు ఊరేగి వెనక్కి పోతాయి. ఓసారి పోస్టాఫీసుకెళ్లి మొరపెట్టుకున్నాను. కౌంటర్లో అమ్మాయి నా పేరు తన కాగితం మీద పూర్తిగా రాసుకుని, చూసి, ఇది ప్లేటు మీద పట్టదే అంది, తప్పు మా ముత్తాతదన్నట్టు.

నాది ఉద్యోగం ఉన్నవాడి గోల, నవ్వి ఊరుకోవచ్చు. చదువుకోవడానికి వచ్చే పిల్లాడి సంగతి అలా కాదు. పొలమో ఇంటి కాగితాలో తాకట్టు పెట్టి, బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు, అంటే పన్నెండు లక్షల పైమాట, ముందే కట్టి వస్తాడు. నెలకు 992 యూరోల చొప్పున వాడి డబ్బే వాడికి వదులుతారు. దానికి ఇక్కడ మామూలు ఖాతా ఒకటి కావాలి. చాలా బ్యాంకులు అన్‌మెల్డంగ్ కాగితం చూపించమంటాయి. అన్‌మెల్డంగ్‌కి ఇల్లు కావాలి. ఇల్లివ్వాలంటే ఓనరు షూఫా చిట్టా అడుగుతాడు, వీడు బాకీలు సరిగ్గా తీర్చే మనిషేనా అని. నిన్న విమానం దిగినవాడికి చిట్టా ఎక్కడిది? చిట్టా పుట్టాలంటే ముందు ఖాతా ఉండాలి, ఇల్లుండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ఈలోగా వాడు ఎక్కడ పడుకుంటాడు? ముందొచ్చిన మనవాడు ఇచ్చిన గదిలో, తలుపు వెనక పరిచిన పరుపు మీద. "ఉండు బ్రో, కానీ అన్‌మెల్డంగ్ అడగొద్దు. డబ్బా మీద పేరు కూడా వద్దు, ఓనర్‌కి తెలిస్తే నన్నూ గెంటేస్తాడు." ఆ పరుపుకి సగం ఫ్లాటు అద్దె వసూలు చేస్తాడు. ఇంకా ఘనులున్నారు, పరుపు కూడా ఇవ్వకుండా ఉత్త అడ్రసు అమ్ముతారు. దొరికితే 50,000 యూరోల దాకా జరిమానా అని తెలుసు. కొన్నవాడు ఎవరికీ చెప్పుకోలేడని అంతకన్నా బాగా తెలుసు.

భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలు 20,000 నుంచి 90,000 చేస్తామని అప్పటి ప్రభుత్వం 2024 అక్టోబర్లో ప్రకటించింది. వీసాలు నాలుగున్నర రెట్లు సరే, కౌంటర్ల వెనక మనుషులు ఎన్ని రెట్లు పెరిగారు? రెండు వారాల్లో నమోదవ్వు అని చట్టం పెట్టి, నెలన్నర తర్వాత టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇవ్వడాన్ని మా ఊళ్లో దబాయింపు అంటారు. పర్మిట్ గడువు తీరుతోందని మొరపెట్టుకుంటే తాత్కాలిక కాగితం ఇస్తారు, ఆ కాగితానికీ వరసలో నిలబడాలి. తల్లికి బాగోలేదని కబురొచ్చినా, వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని టికెట్టు రద్దు చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. పిలిచిన మనిషికి కుర్చీ వేయలేనప్పుడు పిలవడం ఎందుకు? మా వాళ్లెవరూ గోడ దూకి రాలేదు. ఫీజులు కట్టి, భాష నేర్చుకుని, మీరు పిలిస్తేనే వచ్చారు.

నా కోపంలో ఇది సగం. మిగతా సగం మనవాళ్ల మీద. మీసేవలో సర్టిఫికెట్ మూడు రోజులు ఆలస్యమైతే ఈ దేశం బాగుపడదని శాపనార్థాలు పెట్టే పెద్దమనిషి, ఇక్కడ ఆర్నెల్లు ఆలస్యమైతే మనకే సర్దిచెబుతాడు: "సిస్టమ్ అండీ, పద్ధతి ప్రకారం చేస్తారు, టైమ్ పడుతుంది." అక్కడ క్లర్కు రేపు రమ్మంటే లంచం కోసం, ఇక్కడ మార్చిలో రమ్మంటే క్రమశిక్షణ. వీడియో చేసే కుర్రాడు ఖాళీ ప్లాస్టిక్ సీసా మెషీన్లో వేసి, పాతిక సెంట్లు వచ్చాయి చూడండి గైస్ అంటాడు. ఆ పాతిక సెంట్లు కొన్నప్పుడు తన దగ్గర లాక్కున్నవేనని చెప్పడు. ఫోన్లో అమ్మతో అంతా సూపర్ అంటాడు. పరుపు సంగతి చెప్పడు. వాడు చెప్పకపోబట్టే వాడి తమ్ముడు కూడా వస్తున్నాడు.

ఇక చిల్లర బాధలు. చాలా అద్దె ఇళ్లలో వంటగది అంటే గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు గొట్టాలు. వెనకటివాడు సింకుతో సహా ఊడదీసుకుపోతాడు. ఆదివారం కొట్లు మూత, ఉల్లిపాయలు అయిపోతే సోమవారమే వంట. మన లైసెన్సు ఆర్నెల్లే చెల్లుతుంది. కూకట్‌పల్లి వై జంక్షన్లో పదేళ్లు బండి నడిపి ప్రాణాలతో ఉన్నవాడు కూడా ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాసి, భుజం మీదుగా తల తిప్పి చూడటం నేర్చుకోవాలి. ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోలు ప్రసారాల రుసుము. అన్ని ఉత్తరాలూ దారి తప్పినా ఈ ఉత్తరం తప్పదు, సగం పేరున్న డబ్బాలోకి కూడా గురి చూసి పడుతుంది.

ఈ ఆదివారం కూడా ఏదో ఒక హోటల్లో జర్మనీ సెమినార్ ఉండే ఉంటుంది. చదువు ఉచితం అంటారు, పార్ట్‌టైమ్ జాబ్ అంటారు, స్క్రీన్ మీద కోటలు చూపిస్తారు. వెళ్లేవాళ్లు ఒక్కటే అడగండి: మొదటి నెల మావాడు దిగే గదికి అన్‌మెల్డంగ్ కాగితం మీద ఓనరు సంతకం పెడతాడా? పెడతాడంటే ఆ ఓనరు పేరు రాసిమ్మనండి. బ్రోషర్ చేతిలో పెట్టి, అవన్నీ అక్కడికెళ్లాక చూసుకుందాం సార్ అన్నారనుకోండి, టీ తాగి వచ్చేయండి.