ర్యాంకుల బాబాయి

జూన్ నెలలో మా గుంటూరు వీధిలో ఏ గడప ముందు చెప్పులు గుట్టపడి ఉంటే అదే ర్యాంకుల బాబాయి ఇల్లు. ఎవరైనా పోయారేమోనని కొత్తవాళ్ళు కంగారుపడతారు. ఏం లేదు, ఈఏపీసెట్ ఫలితాలొచ్చాయంతే.

బాబాయి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. ఒక ఏడు తోడల్లుడి కొడుక్కి వెబ్ ఆప్షన్లు పెట్టాడు. సీటొచ్చింది. ఆ ర్యాంకుకి కళ్ళు మూసుకుని మీట నొక్కినా వచ్చే సీటే. కానీ మర్నాడు తోడల్లుడు పూతరేకులు పట్టుకొచ్చాడు. ఆ పూతరేకులే బాబాయికి కెరీర్ కౌన్సెలర్ పట్టా. ఈ పనికి ఎన్‌సీఈఆర్‌టీలో డిప్లొమా ఉందనీ, ఎదుటివాళ్ళు చెప్పింది వినడం కూడా అందులో పాఠమేననీ నేనోసారి అంటే, "వినడానికి పిల్లలేం చెబుతారోయ్!" అని తీసిపారేశాడు.

పాత కటాఫ్‌ల స్పైరల్ బైండూ, మూడు రంగుల పెన్నులూ ఆయన సరంజామా. కాలేజీల పేర్లు పలకడు, కోడ్లే చెబుతాడు. మనుషులకీ అదే లెక్క. "మన పద్దెనిమిది వేలవాడికి పెళ్ళి కుదిరిందట" అంటాడు. "ఎవరండీ?" అని పిన్ని అడిగితే, "అదేనే, డెబ్భై వేలదాని తమ్ముడు!"

ర్యాంకు కార్డు చేతికివ్వగానే కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి జాతకం చూసినట్టు చూస్తాడు. "కంప్యూటర్స్ ఉచ్చస్థానంలో ఉంది. మెకానికల్ నీచపడింది. సివిలా? శత్రువుక్కూడా చెప్పను." ఏ ర్యాంకుకైనా మందొకటే, సీఎస్ఈ. అది రాకపోతే ఏఐ తోక ఉన్న సీఎస్ఈ. అదీ రాకపోతే డేటా సైన్స్ తోక ఉన్నది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి దండం పెట్టాలి. పది ఆప్షన్లతో ధీమాగా కూర్చున్నవాడి చేత వంద పెట్టిస్తాడు. అవి సేవ్ అయ్యాయో లేదో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మరీ కనుక్కుంటాడు. పైసా పుచ్చుకోడు.

మొన్న మా పక్కింటాయన తన కూతుర్ని బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. గంటసేపు పెద్దాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. పిల్లని బాబాయి అడిగిన ప్రశ్న ఒక్కటే: "హాల్‌టికెట్ నంబరెంతమ్మా?" ఇంతలో పిన్ని మజ్జిగ తెచ్చి, గ్లాసు అందిస్తూ, "నీకేం చదవాలనుందే తల్లీ?" అంది.

"బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగు, మామ్మగారూ. తాతయ్య కల్లంలో మిర్చి ఆరబోసిన ప్రతిసారీ వాన పడుతుంది. ఆరబెట్టే మిషను చెయ్యాలని."

వాళ్ళ నాన్న మజ్జిగ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. బాబాయి బైండు ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ తిరగేశాడు. ఆ కోడు ఆయనకి నోటికి రాదు.

ఆ ఇంట్లో అసలు కౌన్సెలర్ మజ్జిగ చిలికే ఆవిడే. మీరూ పిల్లల్ని తీసుకుని ఎవరి గడపైనా ఎక్కేముందు ఆ ఒక్క ప్రశ్న ఇంట్లోనే అడిగి చూడండి. మహా అయితే గ్లాసుడు మజ్జిగ ఖర్చు.