ఓకే: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కుమారుడు కూకట్‌పల్లిలో ఉంటాడు, తల్లి తెనాలిలో. ఆదివారం రాత్రి. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లలో పడింది. కుమారుడి కళ్లు టీవీ మీద, ఒక చెవి మాత్రం ఫోన్లో ఉన్నాయి. తల్లికేమో అసలు చెప్పాల్సిన సంగతులన్నీ ఇప్పుడే ఒక్కొక్కటిగా గుర్తుకొస్తున్నాయి. ఇట్టి సంకట సమయాన కుమారుడు పలికిన పలుకులివి. తల్లి మాటలు మూలంలో లేవు. సందర్భాన్ని బట్టి అధ్యాహారం చేసుకోవాలి.

మూలం

ఓకే అమ్మా. ఓకే. ఆఁ ఆఁ, ఓకే. సరే, ఓకే. ఓకే బై. ఆఁ... ఓకే.

ఇందులో పునరుక్తి దోషం ఉందని తొందరపాటు విమర్శకులు అంటారు. ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వచ్చి ప్రతిసారీ వేరే అర్థమిస్తే అది దోషం కాదు, యమకం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కోలాచలం వాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి మొదటి ఒట్టు అధ్యాహారంతోనే సగం పోయింది. రెండోది పాటిస్తే అసలు టీకాయే ఉండదు.

వ్యుత్పత్తి

ఈ శబ్దం పుట్టుక గురించి పూర్వపక్షాలు చాలా ఉన్నాయి. అమెరికాలోని చోక్టా ఆదివాసుల మాట ఇదని ఒక వాదం. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దీన్ని నమ్మి, ఆ వర్ణక్రమంతోనే కాగితాల మీద రాసేవాడు. 'అంతా బాగుంది' అనే అర్థమున్న గ్రీకు 'ఓలా కలా'కు ఇవి పొడి అక్షరాలని ఇంకొందరు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగులు రాక కాగితాల మీద ఇలా గిలికేవాడని ఆయన గిట్టనివాళ్లు. తెలుగు 'ఒకే' దీర్ఘం తీసుకుని పడవెక్కి వెళ్లిందని ఇంకా ఎవరూ అన్నట్టు లేదు. వాట్సాప్ ఉండగా ఆ లోటు ఎన్నాళ్లో ఉండదు.

సిద్ధాంతం అలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడిది. 1963, 64ల్లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరసగా వ్యాసాలు రాసి తక్కిన వాదాలన్నిటినీ పడగొట్టాడు. ఆయన చూపించిన తొలి ప్రయోగం 1839 మార్చి 23 నాటి 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలోది. 'ఆల్ కరెక్ట్' అనడానికి పొట్టిరూపం. 'ఆల్ కరెక్ట్' అయితే 'ఏసీ' కావాలి కదా అని శంక. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికలవాళ్లకు మాటల్ని కావాలని తప్పుగా రాసి, ఆ తప్పుకు పొడి అక్షరాలు తీయడం ఒక సరదా. అందుకని 'ఓల్ కొరెక్ట్' అయింది. 'ఆల్ రైట్'ను కూడా ఇలాగే చెడగొట్టి 'ఓడబ్ల్యూ' అన్నారు గానీ అది బతికి బట్టకట్టలేదు. ఓకేను బతికించింది 1840 ఎన్నికలు. పోటీలో ఉన్న అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ఊరి పేరు మీద అభిమానులు ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవారు, ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు.

అపశబ్దాలు పలకరాదని మహాభాష్యకారుడు మొదటి ఆహ్నికంలోనే హెచ్చరించాడు. 'అంతా సరిగ్గా ఉంది' అని చెప్పే మాటే అపశబ్దంగా పుడితే ఏం చెయ్యాలో మాత్రం ఆయన కాలానికి అవసరపడలేదు.

వ్యాకరణం

ఇది అన్యదేశ్యం. వచ్చి చాలాకాలమైంది కనుక తెలుగు ప్రత్యయాలన్నీ తగిలించుకుని సుఖంగా ఉంది: ఓకేనా, ఓకేలే, ఓకేనండి, ఓకేరా. చేయు, అగు ధాతువులతో కూడితే ఫైలు ఓకే చేస్తారు, లోను ఓకే అవుతుంది. చిన్నయసూరి లెక్క ప్రకారం 'ఓకే, అమ్మా' కలిస్తే సంధి లేనిచోట యడాగమం వచ్చి 'ఓకేయమ్మా' కావాలి. లోకం 'ఓకేమ్మా' అంటుంది. లోకానిదే గెలుపు.

విభక్తి దగ్గర మాత్రం బహు జాగ్రత్త. 'అమ్మాయి ఓకే' అంటే అంతంతమాత్రం అని. 'అమ్మాయికి ఓకే' అంటే పెళ్లికూతురు ఒప్పుకుంది, భజంత్రీలకు చెప్పుకోవచ్చు అని. మధ్యనున్నది ఒక్క షష్ఠీ విభక్తి. పెళ్లిళ్ల పేరయ్యలు దీన్ని మింగేస్తే రెండు కుటుంబాల మధ్య మాటలుండవు. సినిమా విషయంలోనూ అంతే. 'బాగుంది' కింద 'పర్వాలేదు', దాని కింద 'ఓకే' వస్తాయి. దర్శకుడు 'షాట్ ఓకే' అంటే మహదానందం. ఆ షాట్లన్నీ కలిపిన సినిమాను ప్రేక్షకుడు 'ఓకే' అంటే నిర్మాత ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

ప్రతిపదార్థం

ఓకే అమ్మా = నెయ్యి డబ్బా, గోంగూర పచ్చడి ఆర్టీసీ బస్సులో పార్సిలు వేశాను, రేపు పొద్దున్నే తెచ్చుకో అని తల్లి చెప్పగా, తప్పక తెచ్చుకుంటాను అని. మూలం మొత్తంలో నిజమైన అంగీకారం ఇదొక్కటే. సంబోధన జోడించడం వల్ల ఆ నెయ్యి మీద భక్తి సూచితం.

ఓకే = బయట తిండి తినకు, తొందరగా పడుకో, పిన్నికి ఫోన్ చెయ్యి అని తల్లి అనగా, ఇవి పోయిన వారం కూడా విన్నాను అని.

ఆఁ ఆఁ, ఓకే = ఇది ఈ గ్రంథానికి ప్రాణం. 'భీమవరం వాళ్లు ఫోటో పంపారు, చూశావా? పిల్ల లక్షణంగా ఉంది కదా' అని తల్లి అన్నది. ఆ క్షణాన బంతి బౌండరీ వైపు దొర్లుతోంది. అభిధా వృత్తిలో ఓకే అంటే ఒప్పుకోలు. తల్లి అదే గ్రహించింది. కుమారుడి వివక్ష వేరు: నీ మాట నా చెవిన పడింది, అంతవరకే. మండలాఫీసులో అర్జీ మీద కొట్టే ముద్ర అర్జీ అందిందని చెబుతుందే గానీ మంజూరైందని చెప్పదు. కుమారుడు ముద్ర కొట్టాడు, తల్లి మంజూరైందనుకుంది.

విన్నాను అనడానికీ చేస్తాను అనడానికీ ఒకే మాట వాడటం ఎంత ప్రమాదమో విమానాలవాళ్లకు తెలుసు. వాళ్ల రేడియో భాషలో 'రోజర్' అంటే నీ సందేశం అందింది అని మాత్రమే. చెప్పినట్టు చేస్తాను అనడానికి 'విల్కో' అని వేరే మాట. ఇక్కడ టీకాకారుడు కాసేపు నవ్వు పక్కన పెట్టాలి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. బయల్దేరుతున్నామన్న పైలట్ల మాటకు కంట్రోల్ టవర్ నుంచి వచ్చిన జవాబు 'ఓకే'తో మొదలైంది. ఆగు, నేను పిలుస్తాను అన్న తరువాతి మాట రేడియో గోలలో సరిగ్గా చేరలేదు. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఆ తరవాత అలాంటి వదులు మాటల్ని రేడియోలోంచి తప్పించి, చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పే పద్ధతిని బిగించారు. తెనాలికీ కూకట్‌పల్లికీ మధ్య ఆ పద్ధతి ఇంకా రాలేదు.

సరే, ఓకే = 'అయితే వచ్చే ఆదివారం రమ్మంటాలే వాళ్లని' అని తల్లి అనగా. సరే అన్నాక మళ్లీ ఓకే దేనికని శంక. సరే తల్లికి, ఓకే చివరి వికెట్టుకు అని సమాధానం.

ఓకే బై = ఇక్కడి ఓకేకు అర్థం లేదు. శ్లోకాల్లో చ, వై, తు, హి లాగా పాదపూరణం. ఒట్టి 'బై' మొరటుగా ఉంటుందని వేసింది. దీనికి తల్లి 'ఉంటా మరి' అన్నది. తెలుగువాళ్లు ఫోన్లో 'ఉంటాను' అంటే ఉండరు, వెళ్లిపోతారు. ఇది విపరీత లక్షణకు చక్కని ఉదాహరణ.

ఆఁ... ఓకే = 'గడ్డం గీసుకుని రా' అని తల్లి చివరిమాటగా అనగా. మధ్యనున్న మూడు చుక్కలు కుమారుడి సందేహం. గడ్డం ఎందుకు, ఎక్కడికి రావాలి అనే ప్రశ్నలు అప్పుడే మొలకెత్తుతున్నాయి.

పాఠాంతరాలు

ఉత్సాహవంతులు 'ఓక్కే' అని ద్విత్వంతో పలుకుతారు. మెసేజుల్లో ఓకారం రాలిపోయి ఉత్త 'కే' మిగిలిన ప్రతి ఒకటుంది. ఆఫీసులో పైవాడి నుంచి అది వస్తే వ్యంగ్యార్థం వెతుక్కుంటూ రాత్రంతా నిద్ర పట్టదు. బొటనవేలి బొమ్మ పాఠం మరీ అర్వాచీనం, వ్యాఖ్యాతలు దాన్ని అంగీకరించరు.

పదచ్ఛేద విశేషం ఒకటి చెప్పి తీరాలి. యాపిల్ కంపెనీ లీసా కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు, ఇప్పుడు 'ఓకే' ఉండే మీటపై 'డూ ఇట్' అని ఉండేది. వాడి చూడమని కూర్చోబెట్టినవాళ్లలో ఒకాయన ఆ రెండు మాటల్నీ కలిపేసి, ఇంగ్లిష్ 'ఐ'ని 'ఎల్' అనుకుని, 'డోల్ట్' అని చదువుకుని, నన్ను మొద్దువాడంటుందేమిటి అని నొచ్చుకున్నాడు. అందుకని అక్కడ ఓకే పెట్టారు. పదం విడగొట్టడం రాకపోతే ఎంత గొడవో చెప్పడానికి మన పండితులు దీన్ని దృష్టాంతంగా వాడుకోవచ్చు.

తాత్పర్యం

అమ్మా, ఫోన్ పెట్టేస్తున్నాను.

ప్రక్షిప్త విచారం

కొన్ని ప్రతుల్లో ఆరో ఓకే తరవాత 'ఏంటీ? ఆదివారం ఎవర్ని రమ్మన్నావ్?' అనే పంక్తి కనిపిస్తుంది. శైలిని బట్టి చూస్తే అది కుమారుడిదే. అయినా మూలంలో చేర్చలేం. తల్లి అప్పటికే ఫోన్ పెట్టేసి భీమవరం నంబరు కలుపుతోంది.