నూరు రూపాయల గీత

భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం ఒప్పందం చెల్లడానికి సాధారణంగా కాగితం అక్కరలేదు. ఒకరి ప్రతిపాదనను మరొకరు స్వేచ్ఛగా అంగీకరించి, అందుకు ప్రతిఫలం, అంటే బదులుగా ముట్టే సొమ్మో వస్తువో, ఉంటే చాలును గనుక, వర్ధన్నపేట రైతు ట్రాక్టరు కిరాయిని, వరికోత మిషను గంట రేటును, చివరికి పత్తి బేరాన్ని కూడా నోటిమాటతోనే కుదుర్చుకొని చట్టబద్ధంగానే బతుకుతున్నాడు. భూమి దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూరు రూపాయల దగ్గర గీత గీసి, ఆ విలువా ఆపైనా ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనన్నది. ఆ గీత నేటికీ అక్కడే ఉంది. ఆ ధరకు చెలక కాదు గదా, గట్టు మీది తుమ్మచెట్టు నీడ కూడా రాదన్న సంగతి పార్లమెంటు చెవిన పడినట్లు లేదు.

ఈ గీతను పట్టించుకోని తెలంగాణ పల్లెలు సాదా బైనామాతో, అనగా రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రంతో, తరతరాలుగా భూములు చేతులు మార్చుకున్నాయి. బయానా పోను మిగిలిన పైకం పెద్దమనుషుల ముందు లెక్కపెట్టి ఇచ్చి, నాలుగు హద్దులు రాయించి, కింద నీలిసిరా వేలిముద్ర, సాక్షుల సంతకాలు వేయించి, కాగితాన్ని సందుగలో దాచుకున్న మనిషే ఊరి దృష్టిలో యజమాని. రెవెన్యూ రికార్డులో అమ్మినవాడే పట్టాదారుగా మిగిలినందువల్ల, 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలయ్యాక ఎకరానికి పంటకు రూ.4,000 దున్నేవాడిని దాటి, ఎప్పుడో అమ్ముకున్నవాడి ఖాతాకు చేరాయి. ఒకే భూమికి రెండుసార్లు ప్రతిఫలం పుచ్చుకొనే ఈ సౌకర్యం 1872 నాటి చట్టకర్తల ఊహకు అందనిది.

ఇటువంటి కాగితాలను క్రమబద్ధీకరించే దారి 1971 నాటి భూమి హక్కుల చట్టంలోని 5-ఎ సెక్షన్‌లో ఉండేది. ఆ దారిన రమ్మని 2020 అక్టోబరు 12న ప్రభుత్వం పిలిచింది; గడువు నవంబరు 10 దాకా సాగింది; నడుమ, అక్టోబరు 29న, కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాతది రద్దయింది, కొత్తదానిలో ఆ సెక్షన్‌కు చోటు లేకపోయింది. అవతలివాడు అంగీకారం పంపేలోగా ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చని కాంట్రాక్టు చట్టం చెబుతుంది గాని, విస్తరి వేసి పిలుస్తూనే వంటిల్లు కూల్చే పద్ధతి అందులో లేదు. రద్దయిన చట్టం కింద దరఖాస్తులేమిటన్న ప్రశ్న హైకోర్టుకు చేరింది, 29 తర్వాతివాటిపై విచారణ నిలిచింది, మొత్తం దాదాపు 9 లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి కంప్యూటర్లలో కునుకు తీశాయి.

2025 నాటి భూభారతి చట్టం వాటిని తట్టి లేపింది. కొన్నది 2014 జూన్ 2కు ముందై ఉండాలి, భూమి 12 ఏళ్లకు పైగా స్వాధీనంలో ఉండాలి, చిన్న సన్నకారు రైతు కావాలి, అన్నిటికీ మించి 2020 నాటి ఆ నెల రోజుల్లోనే దరఖాస్తు పెట్టి ఉండాలి. అది పత్తి ఏరే కాలం, వరికోతల కాలం. చేను వదిలి మీసేవ గడప తొక్కని రైతు ఈ చట్టం లెక్కలో ఇంకా భూమి కొననేలేదు. గడప తొక్కినవారి విషయంలోనూ అమ్మినవారికి, వారు లేకుంటే వారసులకు నోటీసు వెళ్తుంది. వరంగల్–ఖమ్మం రహదారి వెంట పొలాలు ప్లాట్లవుతున్న వేళ, రైతుబంధు సొమ్ము అందుకున్న కొడుకే ఆఫీసుకు వచ్చి, ‘అవును, మా నాయన అమ్మిండు’ అని సంతకం పెడతాడని చట్టం ఎదురుచూస్తున్నది.