గడియారపు ఆటవెలది: టీకా తాత్పర్య సహితము

మూలము

గంట కొట్టు వేళ గడియార మెదుటను
బల్లలన్ని నిండు పట్టపగలు
నాణె మడుగ డతడు నమ్మిక దప్పడు
ఆట యతనిదయ్య యలుపు మనది

అవతారిక

నయాపూల్ దాటగానే మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం సంగీత గడియారం మీద పూర్వకవుల పద్యమేదీ చేతికందనందున టీకాకారుడే పద్యం కట్టుకోవలసి వచ్చింది. విషయం ఆట కనుక ఛందస్సు ఆటవెలది. కవికీ వ్యాఖ్యాతకూ ఎక్కడైనా పేచీ వస్తే అది ఇంటి గొడవ, పాఠకులు తలదూర్చరాదు.

టీక

గంట కొట్టు వేళ: ఏ గంట అన్నది కవి చెప్పలేదు. పన్నెండు అని గ్రహించాలి. గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట ఎంతయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి వచ్చినవాడికి పన్నెండు దెబ్బలు. బిర్యానీ తిని తీరిగ్గా ఒంటిగంటకు వచ్చినవాడికి ఒక్కటి. టికెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే.

గడియార మెదుటను: కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరు మోసిన ఈ గడియారం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణలోది. మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై 1968లో ఇప్పటి భవనానికి మారింది. గంట కొట్టేవాడితోపాటు ఇందులో ఒక కమ్మరి కూడా ఉన్నాడు. సెకనుకో సుత్తి దెబ్బ అతని వంతు. పొద్దస్తమానం పని చేసేది కమ్మరి, చప్పట్లు గడ్డపాయనకు. ఇది అధిక్షేపం కాదు, స్వభావోక్తి.

బల్లలన్ని నిండు: అతిశయోక్తి అని కొందరంటారు, కాదు. నిలబడ్డవాళ్లను కూడా లెక్కిస్తే ఇది న్యూనోక్తి. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ నుంచి తెచ్చిన బెంజోనీ శిల్పం, మేలిముసుగు రెబెకా, ఇదే కప్పు కింద ఉంది. రాతిలో పల్చటి వస్త్రాన్ని చెక్కిన పనితనం అది. ఆమె ముందు జనం ఆగుతారు, ఫొటో తీసుకుంటారు, టైము చూసుకుని పరుగెత్తుకొస్తారు. పక్క గదుల్లో ఫ్రాన్సు, జర్మనీ గడియారాలున్నాయి. వాటి ముందు ఎవరూ కూర్చోరు.

"ఎప్పుడొస్తడు నాన్నా?"

"వస్తడు బిడ్డా, జర ఆగు."

పద్యానికి అసలైన వ్యాఖ్యానం ఈ రెండు వాక్యాలే. అయినా టీకాకారుడు ఊరుకోడు.

నాణె మడుగడు: ఇక్కడ విస్తరించాలి. నాణెం అడిగే బొమ్మలు వేరే ఉన్నాయన్నది ధ్వని. లాస్ వేగాస్‌లో పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒకటుంది. లోపలికి పోవడానికి రుసుము లేదు, ప్రతి యంత్రమూ ఆడడానికే, ఆడేవాడే నాణెం వేయాలి. ముట్టరాదన్న బోర్డు అక్కడ అధర్మం. పిల్లల్ని తీసుకుని ఆ ఊరు చూడబోయే మన తెలుగువాళ్లకు పేకముక్కల హాళ్ల కన్నా ఇది నయమైన తీర్థం.

పిన్‌బాల్ అనగా అద్దం కింద వాలుగా పరచిన బల్ల, ఒక ఉక్కు గోళీ. స్ప్రింగు పుల్ల లాగి వదిలితే గోళీ పైకెగిరి, మేకులకు తగులుతూ దిగుతుంది. ఆ స్ప్రింగుకు 1871లో మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్ పేటెంటు పుచ్చుకున్నాడు. 1947 దాకా గోళీ వదిలాక ఆటగాడు చేయగలిగింది బల్లను కాస్త కుదపడమే. ఎక్కువ కుదిపితే యంత్రం "టిల్ట్" అని అలిగేది. ఆ ఏడు గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ యంత్రంలో గోళీని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు పెట్టింది. అంతవరకూ దైవం, అక్కడినుంచి పురుషకారం. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే కావడం కాకతాళీయం.

పూర్వపక్షం: ఇది అదృష్టమే, కనుక జూదమే. ఈ వాదంతో 1942లో న్యూయార్కు మేయర్ లా గార్డియా నిషేధం తెచ్చి, సుత్తి పట్టి యంత్రాలను పగలగొట్టాడు. (ఇక్కడి కమ్మరి సుత్తి ఆడించేది, అక్కడిది ఆపించేది.) సిద్ధాంతం: 1976లో రోజర్ షార్ప్ నగర సభ ముందు ఆడి, గోళీ ఏ దారిన పోతుందో ముందే చెప్పి ఆ దారినే పోనిచ్చాడు. నిషేధం తొలగింది. నైపుణ్యం నిరూపించమంటే అతడు చివరికి ఆశ్రయించింది ఫ్లిప్పరును కాదు, స్ప్రింగు పుల్లనే. దైవాన్ని కూడా అభ్యాసం చేయవచ్చునన్నమాట.

పాతబస్తీకి నాణెపు ఆట తెలియదనరాదు. వీడియో గేమ్ దుకాణాల కాలంలో క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్" అసలు పేరు ఏ పోరగాడూ పలకలేదు. అందులో నలుగురు వీరులున్నా, టోపీ వీరుడి పేరిట పిల్లలందరికీ అది "ముస్తఫా". టోపీ వీరుడు దొరకనివాడు అలిగి పక్కన నిలబడేవాడు. ఆ పెట్టెలు తరవాత పాతసామాను బండెక్కాయి. చిత్రపటాన్ని గోడకు తగిలిస్తే దాచినట్టే. ఆట పెట్టెను తీగ పీకి అద్దాల గదిలో పెడితే దాచింది చెక్కనే, ఆటను కాదు. ఈ సూక్ష్మం వేగాస్‌లో తెలుసు. సాలార్‌జంగ్‌లో ఒక్క గడియారం విషయంలో తెలుసు.

ఆట యతనిదయ్య: తాకనివ్వరు కనుక ఆడేది బొమ్మ, చూసేది మనం. శంక: మరి ఇది ఆటా, ప్రదర్శనా? సమాధానం: దెబ్బ దెబ్బకూ పిల్లలు బిగ్గరగా లెక్కపెడుతున్నంతసేపూ ఆటే.

యలుపు మనది: గదులన్నీ తిరిగిన కాళ్లది. వివరణ అక్కరలేదు.

పాఠాంతరము

సాయంత్రం ఐదింటికి మూసేటప్పుడు కావలివారి ప్రతిలో నాలుగో పాదం "ఆట యతనిదయ్య తలుపు మనది" అని ఉంటుంది. యతిభంగం స్పష్టం. తాళంచెవులు వారి చేతిలో ఉన్నందున టీకాకారుడు వాదించలేదు.