బందరు రేవులో దిగిన రియాలు

నేనొక వెండి నాణేన్ని. ఎనిమిది రియాళ్ల బిళ్ల అనేవారు నన్ను. దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండ నా పుట్టిల్లు. 1545లో అక్కడ వెండి బయటపడింది. ఊళ్ల నుంచి వంతులేసి పట్టుకొచ్చిన మనుషులు చీకటి గుంటల్లో నా రాళ్లను వీపున మోశారు. నా మీద స్పెయిన్ రాజు ముద్రే ఉంది గానీ నాకు గుర్తున్నది ఆ వీపులే. రేకుగా సాగగొట్టి, కత్తెరతో కోసి, సుత్తితో అచ్చు కొట్టారు. అందుకే నా అంచు వంకర. బరువు దాదాపు 27 గ్రాములు. తవ్విన వెండిలో ఐదో వంతు రాజుగారి వాటాగా ముందే పోయింది.

వెండి దేశం దాటుతుందంటే ప్రతి రాజుకూ బెంగే. 1600లో ఇంగ్లండు రాణి తన వర్తకులకు ఒక్కో యాత్రకు 30 వేల పౌన్ల విలువైన వెండికి మించి అనుమతి ఇవ్వలేదు. నేను మాత్రం డచ్చివారి పెట్టెలో బందరు చేరాను. రేవులో లోతు లేదు. దూరాన లంగరేసిన ఓడ నుంచి పడవలోకి దించారు.

ఒడ్డున రేవు అధికారి షాబందరు మనుషులు. 1606 నాటి ఒప్పందం ప్రకారం డచ్చివారు నూటికి 4 సుంకం కట్టాలి. బట్టపై ముద్ర వేసి వసూలు చేసే ఛాపా దలాలీ వారికి మాఫీ. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువారికి ఇంకా మేలు చేశాడు: ఏడాదికి 500 వరహాలు కడితే చాలు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఏ ఫర్మానా రాలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. చిరివేరు ఎరుపు ఎక్కిన అతని బట్టలు చూపించే కదా, దూరద్వీపాల్లో జాజికాయ, లవంగం కొన్నారు!

గోల్కొండలో చెలామణి బంగారు వరహాది. షరాబు నన్ను గీటురాయి మీద రుద్ది, తూచి, వరహాల్లో లెక్కగట్టాడు. ఆ వరహాలు దళారుల చేతుల మీదుగా నేతగాళ్లకు బయానాగా వెళ్లాయి. నేను షరాబు పెట్టెలో ఉండిపోయాను.

చివరికి ఒక కంసాలి నన్నూ, నాలాంటి మరికొన్నిటినీ మూసలో కరిగించి కాళ్ల కడియాలు చేశాడు. నాణెం వేరు, నగ వేరు. ఈనాడు విదేశాల నుంచి గన్నవరం విమానాశ్రయంలో దిగేవారికీ అంతే. ఏడాది దాటి బయట ఉండి వచ్చినవారి నగలకు సుంకంలో కొంత మినహాయింపు ఉంది, వెండి బిళ్లలకు లేదు.

ఒకనాడు ఆ కడియాలు తొడుక్కున్న ఆడపడుచు పుట్టింటికి బయల్దేరి బెజవాడ దగ్గర కృష్ణ దాటింది. రేవులో సుంకరి మూటలన్నీ విప్పించాడు. ఆమె కాళ్లవైపు చూడలేదు.