గాయాలేమీ లేవు

మన దేశంలో దొంగలు దొరికేది బస్టాండుల్లోనే. సోమవారం రాత్రి ఇంట్లో అన్నం తింటున్నవాణ్ని జీపెక్కించినా సరే, రిమాండ్ రిపోర్టులో మాత్రం గురువారం తెల్లవారుజామున బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తచ్చాడుతూ, పోలీసుల్ని చూసి పారిపోబోయి పట్టుబడతాడు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలంటుంది రాజ్యాంగం 22వ అధికరణం. పెట్టరని ఎవరన్నారు? గడియారానికి కీ ఇచ్చిందే గురువారం.

2024 జూలై 1న సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. వైద్య పరీక్షకు సంబంధించిన పాత 54వ సెక్షన్ అందులో 53 అయింది. అంకె ఒకటి తగ్గింది. దెబ్బలు తగ్గిన సంగతి గెజిట్‌లో కనబడలేదు. అరెస్టయిన వెంటనే డాక్టరు చూడాలట. ఒంటి మీద గాయాలుంటే, అవి ఎప్పటివో కూడా రాయాలట. నకలు నిందితుడికో, అతను చెప్పిన మనిషికో ఇవ్వాలట. చదివితే కళ్లు చెమర్చే సెక్షన్!

ఇక సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీకి రండి. రాత్రి పదకొండు. ఒక పాముకాటు, రెండు బైకు యాక్సిడెంట్లు, వాటి మధ్య మన ఏ-1. చొక్కా గుండీ ఒక్కటీ ఊడదు.

“నొప్పులేమన్నా ఉన్నాయా?”

“ఏం లేవు సార్, బాగానే ఉన్నాడు,” అంటాడు మోచెయ్యి వదలని కానిస్టేబుల్.

అరికాళ్లు చూసే తీరిక ఎవరికుంది? ఓపీ చీటీ మీద ఒక్క ముక్క: గాయాలేమీ లేవు. నకలా? జిరాక్స్ మిషను పనిచేయడం లేదు.

కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరు చూడాలని 1996లోనే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆదేశాలు స్టేషన్లో అందరికీ కనబడేచోట పెట్టాలనీ చెప్పింది. పెట్టారు, పాపం. నిందితుణ్ని కూర్చోబెట్టేదీ ఆ బోర్డు కిందే. 2020లో లాకప్‌తో సహా సీసీ కెమెరాలు పెట్టమంది. కావలసిన రాత్రి ఫుటేజీ ఒక్కటే దొరకదు.

“పోలీసులు కొట్టారా?” మేజిస్ట్రేటు అడుగుతారు. వెనకాల బూటు చప్పుడవుతుంది.

“లేదయ్యా.”

“కుంటుతున్నావేం?”

“బాత్రూంలో జారిపడ్డానయ్యా.”

చొక్కా విప్పించేది జైలు గేటు దగ్గరే. రేపు ఏమన్నా అయితే తమ మెడకు చుట్టుకుంటుందని జైలు డాక్టరు ఒక్కో కమిలిన మచ్చా లెక్కపెట్టి, ఇతన్ని తీసుకోనంటాడు. జీపు వెనక్కి తిరుగుతుంది. మళ్లీ అదే క్యాజువాలిటీ, అదే డాక్టరు, అదే చీటీ. ఈసారి ఒక్క ముక్క చేరుస్తారు: గాయాలేమీ లేవు, ఉన్నవి పాతవి.