చివరి డబ్బాను నేనే

గూడ్స్ బండి చివర కట్టే బ్రేక్ వ్యాన్‌ను నేను. అసలు వ్యాన్ కంటే 87 రెట్లు చిన్నదాన్ని. కాజీపేటలో ఒక రిటైర్డ్ గార్డు గారి మేడమీద గదిలో పుట్టాను. నా ఒళ్లు ప్లాస్టిక్ షీటు, కటకటాలు రాగి తీగ. చక్రాలు మాత్రం విదేశం నుంచి తెప్పించారు. అవి 16.5 మిల్లీమీటర్ల పట్టాలకు చేసినవి. 87తో గుణిస్తే యూరప్, అమెరికాల్లో నడిచే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676. ఆ లెక్కన నా కింద పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం ఉండాలి. అంత వెడల్పువి కావాలంటే ఎవరికి వాళ్లు చేసుకోవలసిందే. అందుకని ఒళ్లు మనదీ, నడక వాళ్లదీ అయింది.

పుట్టిన ఊరు గొప్పది. నిజాం రైలు 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా వచ్చింది, 1889కి బెజవాడ చేరింది. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక కాజీపేట మూడు దిక్కుల జంక్షన్ అయింది. మా గదిలో మూడు దిక్కులకు చోటు లేదు. ఒక గోడకు కాజీపేట, ఎదురు గోడకు వరంగల్, మధ్యలో సింగిల్ లైను. ఈ రెండు స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లు. దాన్ని 87వ వంతుకు కుదించినా 115 మీటర్లు! ఏ ఇంట్లో పడుతుంది? పట్టాలు బీరువా వెనకనుంచి తిరిగి వస్తాయి, మిగతా దూరాన్ని గడియారం నింపుతుంది. మా రైలు గడియారం నాలుగింతల వేగంతో నడుస్తుంది. గంటన్నరలో ఆరు గంటల బండ్లు నడపొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురు చేరతారు. పక్కింటి రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ గారికి కాజీపేట. ఇంటర్ చదివే గార్డు గారి మనవరాలికి వరంగల్. వరంగల్ ఎన్ఐటీలో ఎలక్ట్రానిక్స్ చదివే అబ్బాయి సెక్షన్ కంట్రోలర్. ఆ గడియారం చేసింది అతనే. బండి నడిపేదీ, నాలో గార్డుగా కూర్చున్నట్టు లెక్కలో ఉండేదీ ఆ గార్డు గారే, మా తాత.

నలుగురున్నారు కదా అని పది బండ్లు తిప్పొచ్చు. మొదట్లో అలాగే తిప్పారు. బండ్లు తిరిగాయి గానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఒక బొగ్గు రేక్, ఒక గోల్కొండ ఎక్స్‌ప్రెస్, కాజీపేట యార్డులో కాస్త షంటింగ్. అంతే. ఒక్కో బండికీ జరగవలసిన మాటలన్నీ జరుగుతాయి.

మాస్టర్ గారు ఫోన్ ఎత్తి, బండి పంపడానికి వరంగల్ అనుమతి అడుగుతారు.

"బిడ్డా, గూడ్సుకు లైన్ క్లియర్ ఇస్తవా?"

మనవరాలు వెంటనే ఊ అనకూడదు. ముందటి బండి మొత్తం వచ్చిందా, తన లైను ఖాళీగా ఉందా, పాయింట్లు సరిగా పడ్డాయా, అన్నీ చూసుకోవాలి.

"లైన్ క్లియర్ ఇస్తున్న మాస్టర్ తాతా. ప్రైవేట్ నంబర్ నాలుగు ఏడు."

ఆ నంబరు ఒక షీటులోది. రెండంకెలు, వరుస లేకుండా ఉంటాయి, వాడగానే కొట్టేస్తారు. ఊహించి చెప్పడానికి వీల్లేదు. నంబరు వినపడిందంటే అవతల మనిషి నిజంగా మాట ఇచ్చినట్టే. దాన్ని రిజిస్టర్‌లో రాసుకున్నాకే మాస్టర్ గారు సిగ్నల్ వదులుతారు. కంట్రోలర్ తన చార్టు మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్లు. గీత నిటారుగా ఉంటే బండి జోరుమీదున్నట్టు, అడ్డంగా సాగితే ఎక్కడో ఆగినట్టు.

న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రాంక్ ఎల్లిసన్ అనే ఆయన 1940లలో తన చిన్న రైలు దారిని నాటకరంగంలా చూడమన్నాడు, బండ్లు పాత్రలన్నాడు. నాకు ఆ మాట నచ్చుతుంది. అయితే మా నాటకంలో కథ నడిపేది బండ్లు కావు, ఫోన్‌లో వినపడే ఆ రెండంకెలే.

నా పాత్ర చిన్నది కాదు. నా వీపు మీద ఎల్‌వి బోర్డు ఉంటుంది, చీకటైతే ఆవగింజంత ఎర్ర దీపం. ఇదే ఆఖరి డబ్బా అని దాని అర్థం. నేను కనపడితేనే బండి మొత్తం వచ్చినట్టు.

ఒక ఆదివారం బొగ్గు రేక్ బీరువా వెనక ఉండగా మధ్యలో కప్లింగ్ ఊడింది. ఇంజను సగం వ్యాగన్లతో వరంగల్ చేరింది. నేను మూడు వ్యాగన్లతో చీకట్లో మిగిలాను. కాజీపేటలో గోల్కొండ నిలబడి ఉంది. గడియారం నాలుగింతలు పరిగెడుతోంది. కంట్రోలర్ తొందరపెట్టాడు.

"గోల్కొండ లేటవుతున్నది. బండి వచ్చినట్టు చెప్పెయ్యమ్మా."

"ఎల్‌వి రాలే."

"ఇంజను వచ్చింది కదా!"

"ఇంజను వస్తే బండి వచ్చినట్టా అన్నా? నేను చెప్ప."

ఆ పిల్ల గొంతు వణకలేదు. ముగ్గురు పెద్దవాళ్ల ఎదుట, తన చేతిలోని ఫోన్ పట్టుకుని, చూడనిదాన్ని చూశానని చెప్పనంది. నా జన్మ అప్పుడు సార్థకమైంది.

తాత మారు మాట్లాడలేదు. గార్డు చేయవలసింది చేశారు. బ్రాడ్‌గేజ్‌లో ఆగిపోయిన బండికి 600 మీటర్ల దగ్గర పట్టాల మీద పేలి హెచ్చరించే డిటోనేటర్ ఒకటి, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. 1200 మీటర్లంటే మా కొలతలో పద్నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. మా గది అంత పొడవు లేదు. అందుకని ఆయన ఎర్ర జెండా పట్టుకుని తలుపు దాటి వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. మాస్టర్ గారు కాగితం మీద అధికార పత్రం రాసిచ్చాక కాజీపేట నుంచి వ్యాగన్లు లేని లైట్ ఇంజన్ వచ్చి నన్ను వెనక్కి లాక్కెళ్లింది. గోల్కొండ మా గడియారంలో 48 నిమిషాలు ఆలస్యం. గోడ గడియారంలో అది 12 నిమిషాలు. ఆ రోజు చార్టులో అడ్డంగా సాగిన గోల్కొండ గీతను తాత చాలాసేపు చూసుకున్నారు.

అసలు రైల్వేలో నా జాతికి కాలం మారుతోంది. 2022లో గార్డు పేరు ట్రైన్ మేనేజర్ అయింది. బండి చివర ఒక యంత్రం తగిలిస్తే బండి తెగలేదని అదే ఇంజనుకు తెలియజేస్తుంది. లోపలికి ఎన్ని ఇరుసులు వెళ్లాయో, బయటికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లూ ఉన్నాయి. ఎన్ఐటీ అబ్బాయి అలాంటిదే ఒకటి చేసి బీరువా రెండు వైపులా పెట్టాడు. బాగా పనిచేస్తోంది. నేను దానికి అడ్డుచెప్పను. మనిషి కన్ను అలసిపోయే చోట యంత్రం ఉండాలి. అయితే దానికి దీపం వెలిగిన తరువాత కూడా మనవరాలు వంగి నా వీపు చూస్తుంది. చూడమని ఎవరూ అడగలేదు.

ఈ నెల అబ్బాయి సెలవులకు ఊరెళ్తున్నాడు. ముగ్గురే ఉంటారు. ఆట ఆపుదామని మాస్టర్ గారన్నారు. తాత ఒప్పుకోలేదు. ఎక్స్‌ప్రెస్ వద్దు, ఒక్క బొగ్గు రేకే నడుపుదాం, చార్టు కూడా మాస్టర్ గారే గీస్తారు, గడియారాన్ని రెండింతలకు తగ్గిద్దాం అన్నారు. మనవరాలు కొత్త ప్రైవేట్ నంబర్ల షీటు తయారుచేస్తోంది.